సీజన్ అయిపోయింది.. ఇక సెలవు తీసుకోండి!

సైకిల్ తొక్కడమే వృత్తిగా బతికే రైడర్లు అక్టోబరు రాగానే సైకిల్‌ను గోడకు ఆనించేస్తారు. వారాల తరబడి దాని వంక చూడరు. అది బద్ధకం కాదు, వాళ్ల శిక్షణలో భాగమే. ఉద్యోగం చేసుకుంటూ ఆరోగ్యం కోసం సైకిల్ తొక్కేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, పిల్లల్ని అకాడమీల్లో చేర్పించిన తల్లిదండ్రులు మాత్రం ఈ పాఠాన్ని మరిచిపోతున్నారు. ఓపీలో నాకు ఎదురైన ఒక తండ్రీకొడుకుల కథ చెబుతాను. వారిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

నిద్ర పట్టదు.. కాళ్లు కదలవు

గతేడాది నవంబరు మొదటి వారం. దీపావళి టపాకాయల దగ్గు, ఆయాసంతో ఓపీ కిటకిటలాడుతోంది. ఆ వరుసలో సన్నగా, చలాకీగా కనిపిస్తున్న ఒకాయన వచ్చి కూర్చున్నారు. వయసు 44. నాంపల్లిలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం. ఇల్లు అబిడ్స్ వెనక సందుల్లో.

"సార్, నాకేదో పెద్ద జబ్బే వచ్చిందనిపిస్తోంది. రెండు నెలల నుంచి ఒంట్లో సత్తువ లేదు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఆఫీసులో ఫైలు తెరిస్తే చిరాకు. ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను" అన్నారు. పక్కనే ఉన్న ఆయన భార్య తల ఊపారు.

షుగర్ లేదు, బీపీ లేదు, సిగరెట్ అలవాటు లేదు. వ్యాయామం సంగతి అడగ్గానే ముఖం వెలిగింది. రెండేళ్ల క్రితం 88 కిలోలు ఉండేవారట. సైకిల్ పట్టాక 72కి దిగారు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు చుట్టూ తిరిగి ఏడింటికి ఇల్లు చేరతారు. ఆదివారం వస్తే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద మొదలుపెట్టి వంద కిలోమీటర్ల దాకా తొక్కుతారు. ఫోన్ తీసి ఆ లెక్కలన్నీ చూపించారు.

"మూడు నెలల కింద జట్టు కూడా మారాను సార్. పాతవాళ్లు మధ్యలో ఇడ్లీకి ఆగుదాం, ఫొటోలు దిగుదాం అంటారు. కొత్తవాళ్లు గట్టివాళ్లు. వాళ్లతో సమానంగా తొక్కాలని ఇంకా కష్టపడుతున్నా. కానీ ఎంత కష్టపడితే అంత వెనకబడుతున్నా."

అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. "సైకిల్ ముట్టుకోకుండా మీరు చివరిసారి ఒక వారం ఉన్నది ఎప్పుడు?"

ఆయన ఆలోచించారు. భార్య వైపు చూశారు. ఆమే జవాబు చెప్పారు. "పోయిన ఏడాది సెప్టెంబరులో వైరల్ జ్వరం వచ్చినప్పుడు నాలుగు రోజులు ఆగారండీ. అయిదో రోజు మళ్లీ వెళ్లిపోయారు."

పరీక్షలన్నీ బాగున్నాయి.. మరి లోపం ఎక్కడ?

ఇలాంటప్పుడు "ఎక్కువ తొక్కుతున్నారు, తగ్గించండి" అని చెప్పి పంపేయకూడదు. నీరసం వెనక రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, బి12 లోపం, డిప్రెషన్, గుండె జబ్బు, ఏదైనా దాగి ఉండొచ్చు. నలభై దాటినవారిలో గుండె సంగతి మరీ ముఖ్యం. అందుకే రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో చేయించాం. గుండె బాగుంది. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ అన్నీ సరిగానే ఉన్నాయి. ఒక్క విటమిన్ డి మాత్రం 14 నానోగ్రాములే ఉంది.

"రోజూ రెండున్నర గంటలు బయటే ఉంటాను కదా సార్, విటమిన్ డి ఎలా తగ్గుతుంది?" అని ఆశ్చర్యపోయారు. మీకూ ఈ సందేహం రావొచ్చు. ఆయన బయట ఉండేది సూర్యుడు రాకముందు. ఏడింటికి ఇంట్లో, పదింటికి ఆఫీసులో. పైగా మెడ నుంచి మణికట్టు దాకా కప్పే జెర్సీ. చర్మంలో విటమిన్ డి తయారవడానికి కావాల్సిన యూవీబీ కిరణాలు తెల్లవారుజామున దాదాపు ఉండవు. ఆరుబయట ఉండటం వేరు, ఎండ తగలడం వేరు.

మరి అసలు కారణం? ఆయన తన పొద్దుటి నాడి లెక్క కూడా రాసుకున్నారు. ఏడాది క్రితం నిద్ర లేవగానే నిమిషానికి 54 ఉండేది. ఇప్పుడు వరుసగా మూడు వారాల నుంచి 64, 65 ఉంటోంది. నిద్ర చెడిపోవడం, చిరాకు, శ్రమ పెంచినా వేగం తగ్గడం, పొద్దుటి నాడి పెరగడం, పరీక్షల్లో మరే జబ్బూ కనిపించకపోవడం. ఇవన్నీ కలిపి చూస్తే అది అతి శిక్షణ. మేం దీన్ని 'ఓవర్‌ట్రైనింగ్' అంటాం. దీన్ని పట్టిచ్చే ఒకే ఒక్క రక్తపరీక్ష అంటూ లేదు. మిగతా జబ్బులేవీ లేవని తేల్చుకున్నాకే ఈ మాట అనాలి.

వ్యాయామం చేసేటప్పుడు కండరం బలపడదు. నిజానికి అప్పుడది అలిసి, సన్నగా చిట్లుతుంది. దానిలోని గ్లైకోజెన్ నిల్వ ఖర్చవుతుంది. ఆ చిట్లినది అతుక్కుని, నిల్వ మళ్లీ నిండి, ముందుకంటే కాస్త గట్టిపడేది విశ్రాంతిలోనే, అదీ ఎక్కువగా నిద్రలో. మన అబిడ్స్ రోడ్డునే చూడండి. తవ్వినంత మాత్రాన కొత్త రోడ్డు రాదు. పూడ్చాలి, చదును చేయాలి, ఆరనివ్వాలి. ఆరకముందే మళ్లీ తవ్వితే గుంతలే మిగులుతాయి. ఈయన పద్నాలుగు నెలలుగా తవ్వుతూనే ఉన్నారు.

తొలిదశలో పట్టుకుంటే కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల విశ్రాంతితో కోలుకుంటారు. మొండిగా లాగితే నెలలు పడుతుంది.

రైడర్ల క్యాలెండర్ చూడండి

విశ్రాంతి అనగానే ఆయన ముఖం మాడిపోయింది. "ఆగితే రెండేళ్ల కష్టం పోతుంది సార్" అన్నారు. అప్పుడు ఆయనకు ప్రొఫెషనల్ రైడర్ల సంగతి చెప్పాను.

వారి సీజన్ జనవరిలో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ దగ్గర టూర్ డౌన్ అండర్‌తో మొదలవుతుంది. మేలో ఇటలీ, జులైలో ఫ్రాన్స్, ఆగస్టు-సెప్టెంబరుల్లో స్పెయిన్ దేశాల మహా రేసులు. ఒక్కొక్కటీ 21 అంచెలు, మూడు వారాలు, మూడు వేల కిలోమీటర్లకు పైనే. ఆ మూడు వారాల్లోనూ మధ్యలో విశ్రాంతి రోజులుంటాయి. అక్టోబరులో ఇటలీలో జరిగే లొంబార్డియా రేసుతో పెద్ద పోటీలు దాదాపు ముగిసినట్టే. ఆ తర్వాత చాలామంది రెండు నుంచి నాలుగు వారాలు సైకిల్ ఎక్కరు. కుటుంబంతో ఊళ్లు తిరుగుతారు, కొండలెక్కుతారు, ఈదుతారు. ఆ విరామాన్ని కోచ్‌లే క్యాలెండర్‌లో ముందుగా రాసిపెడతారు.

ఇంత శిక్షణ పొందినవారు ఆగితే ఏం పోతుంది? కొంత పోతుంది, అబద్ధం చెప్పను. మానేసిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. అందుకే తిరిగి మొదలుపెట్టినప్పుడు మొదటి రెండు రోజులూ ఆయాసం వస్తుంది. మూడు వారాలు పూర్తిగా ఆగితే ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం చాలామందిలో పదోవంతు లోపే తగ్గుతుంది. కండరాల బలం దాదాపు అలాగే ఉంటుంది. పోయిన ఆ కాస్తా తిరిగి మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే వచ్చేస్తుంది. ఓవర్‌ట్రైనింగ్‌తో పోగొట్టుకునే నెలలతో పోలిస్తే ఇది చాలా చిన్న బాకీ.

నెదర్లాండ్స్‌కు చెందిన టామ్ డుమౌలిన్ 2017లో ఇటలీ మహా రేసు గెలిచారు. 2021 జనవరిలో జట్టు శిబిరం మధ్యలోంచి ఇంటికి వెళ్లిపోయారు. తనకు ఏం కావాలో ఆలోచించుకోవాలని, అందుకు సమయం కావాలని చెప్పి పోటీలు ఆపేశారు. దాదాపు అయిదు నెలలు. జూన్‌లో తిరిగి వచ్చారు. జులైలో టోక్యో ఒలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో రజతం గెలిచారు. ఆ రోజు స్వర్ణం గెలిచింది ఆయన జట్టు సభ్యుడే, స్లోవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్. విరామం అన్నిటినీ బాగుచేసిందని చెప్పలేం, డుమౌలిన్ మరుసటి ఏడాదే ఆటకు వీడ్కోలు పలికారు. కానీ ఆగినందుకు ఆయన పతకం పోలేదు.

కొత్త జట్టు.. కొత్త నొప్పులు

సీజన్ ముగింపంటే జట్లు మారే కాలం కూడా. ఆగస్టు 1 నుంచి మార్పులను ప్రకటిస్తారు. పాత జట్టు ఒప్పందం డిసెంబరు 31తో ముగుస్తుంది, జనవరి 1న కొత్త జెర్సీ తొడుక్కుంటారు. ఈ రెంటి మధ్య విశ్రాంతి, ఆ తర్వాత డిసెంబరులో స్పెయిన్‌లాంటి వెచ్చని చోట కొత్త జట్టుతో శిబిరం. అక్కడ మొదటి పని పోటీ పడటం కాదు. కొత్త సైకిల్‌ను శరీరానికి సరిచేసుకోవడం. సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం, బూటు కింద పెడల్ పట్టే చోటు, అన్నీ కొలతలు తీసి బిగిస్తారు. కొద్ది మిల్లీమీటర్ల తేడా వచ్చినా వేలసార్లు తిరిగే మోకాలికి అది తెలుస్తుంది.

రోగ్లిచ్ 2023 చివర్లో ఎనిమిదేళ్ల పాత జట్టు వదిలి జర్మనీ జట్టులో చేరారు. మరుసటి జులైలో ఫ్రాన్స్ రేసులో పడి మధ్యలోనే తప్పుకున్నారు. సెప్టెంబరుకల్లా స్పెయిన్ రేసును నాలుగోసారి గెలిచారు. అన్నట్టు, ఆయన మొదట సైక్లిస్టు కాదు, స్కీ జంపింగ్ ఆటగాడు. ఇరవై ఏళ్లు దాటాకే ఈ ఆటలోకి వచ్చారు.

మన దగ్గర జట్టు మారినప్పుడు ఏం జరుగుతోంది? కొత్త గ్రూపులో చేరిన మర్నాడే వాళ్ల వేగం అందుకోవాలని చూస్తాం. జిమ్ మారితే మొదటి వారమే పక్కవాడి బరువు ఎత్తుతాం. మా పేషెంటు చేసిందీ అదే. మీరు గ్రూపు మారినా, కోచ్ మారినా, సైకిల్ మార్చినా, మొదటి నెల పాత దూరంలో సగం నుంచి మొదలుపెట్టండి. సీటు సరిచేయించుకోండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కాస్త వంగి ఉండాలి. పూర్తిగా చాచుకుంటే మోకాలి వెనక, మరీ ముడుచుకుంటే మోకాలి ముందు నొప్పి వస్తుంది.

అబ్బాయి కాలినొప్పి

వారం తర్వాత ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి వెంట పద్నాలుగేళ్ల కొడుకు. ఆ పిల్లాడిని తీసుకురమ్మన్నది తల్లే. "మెట్లు దిగేటప్పుడు కుంటుతున్నాడండీ. అడిగితే ఏం లేదంటాడు" అన్నారామె.

అబ్బాయి బ్యాడ్మింటన్ ఆడతాడు. బడికి ముందు రెండు గంటలు, తర్వాత రెండున్నర గంటలు, వారానికి ఆరు రోజులు. అంటే ఇరవై ఏడు గంటలు. డిసెంబరు 1 నుంచి ఇంకా పెద్ద అకాడమీలో చేరాలి. ఫీజు కట్టేశారు. అక్కడికి వెళ్లేలోపు వెనకబడకూడదని తండ్రి ఆదివారం కూడా పరుగెత్తిస్తున్నారు.

"ఎక్కడ నొప్పి నాన్నా?" అని అడిగితే తండ్రి వైపు చూసి, "ఏం లేదు అంకుల్" అన్నాడు. మోకాలికీ చీలమండకూ మధ్య ముందు ఎముక మీద వేలితో నొక్కుతూ వచ్చాను. ఒకచోట ఉలిక్కిపడ్డాడు. సరిగ్గా వేలిమొన పట్టేంత చోటు. ఒంటికాలి మీద గెంతమంటే గెంతలేకపోయాడు. ఎక్స్‌రే మామూలుగానే ఉంది. ఎముక అలిసిపోయినప్పుడు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. ఎముకల డాక్టరు ఎంఆర్‌ఐ చేయించారు. ఎముకలో వాపు వచ్చింది, ఇంకా చీలలేదు. ఇంకో నెల అలాగే ఆడి ఉంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అయ్యేది.

మన పీవీ సింధునే చూడండి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది ఎడమ కాలి నొప్పితోనే. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలింది. ఆ నెలలోనే జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకున్నారు. అయిదు నెలలు ఆగి 2023 జనవరిలో మలేసియాలో తిరిగి బరిలోకి దిగితే మొదటి రౌండ్‌లోనే ఓటమి. ఆ తర్వాత కోచ్ మారారు, మళ్లీ మారారు. తిరిగి టైటిల్ గెలవడానికి 2024 డిసెంబరులో లక్నో సయ్యద్ మోదీ టోర్నీ దాకా ఆగాల్సి వచ్చింది. రెండు ఒలింపిక్ పతకాలున్న ఆటగత్తెకే కోలుకోవడం అంత నెమ్మదైతే, ఎదుగుతున్న పిల్లాడి ఎముకకు ఎంత ఓపిక కావాలి?

తండ్రికి ఫీజు గుర్తొచ్చింది. "డిసెంబరు ఒకటిన చేరకపోతే సీటు పోతుందేమో సార్" అన్నారు.

"సీటు పోతే మళ్లీ దొరుకుతుంది. ఎముక చీలితే ఈ ఏడాది ఆటే పోతుంది. మీరు అకాడమీ వాళ్లతో మాట్లాడండి, ఉత్తరం నేను రాసిస్తాను" అన్నాను.

అప్పుడే ఆ పిల్లాడు మొదటిసారి నోరు విప్పాడు. "నాన్నకు కూడా రెస్ట్ అన్నారు కదా అంకుల్. నాన్న ఆపితే నేనూ ఆపుతా."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లాడు నొప్పి దాచడం ఎక్కడ నేర్చుకున్నాడో తండ్రికి అప్పుడు అర్థమైంది. జ్వరం వచ్చిన అయిదో రోజే సైకిల్ ఎక్కిన నాన్నను రోజూ చూస్తున్నవాడు కదా.

పిల్లల విషయంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచనలు తేలికగా గుర్తుంటాయి. వారానికి ఆడే గంటలు పిల్లల వయసును మించకూడదు. పద్నాలుగేళ్లయితే పద్నాలుగు గంటలు. వారానికి ఒకటి రెండు రోజులు పూర్తి సెలవు. ఒకే ఆట ఆడే పిల్లలకు ఏడాదిలో, నెల చొప్పున విడివిడిగానైనా సరే, మొత్తం రెండు మూడు నెలలు ఆ ఆట నుంచి విరామం ఇవ్వాలి. ఈ అబ్బాయి దాదాపు రెట్టింపు ఆడుతున్నాడు.

సైకిల్ చేతులు మారింది

సైకిల్‌కు ఒక మంచి గుణం, ఒక లోపం ఉన్నాయి. రెండూ ఒకటే. శరీరం బరువు సీటు మీద పడుతుంది, ఎముకల మీద పడదు. అందుకే మోకాళ్లకు మేలు. అందుకే ఎముకలకు కావాల్సిన తట్టు, ఒత్తిడి దొరకదు. ఏళ్ల తరబడి సైకిల్ ఒక్కటే తొక్కే ప్రొఫెషనల్ రైడర్లలో చాలామందికి నడుము ఎముకల సాంద్రత తక్కువగా ఉంటుందని అధ్యయనాలు తేల్చాయి. చలికాలంలో వారు పరుగెత్తడం, కొండలెక్కడం, బరువులెత్తడం వెనక ఈ లెక్క కూడా ఉంది.

మా తండ్రీకొడుకుల్లో తండ్రికి కావాల్సింది ఎముకల మీద బరువు పడే నడక. కొడుక్కి కావాల్సింది ఎముకల మీద బరువు పడని కదలిక. ఇద్దరి మందూ ఒకే ఇంట్లో ఉంది! మొదటి మూడు వారాలు అబ్బాయికి పరుగు, గెంతులు, ఆట బంద్. నొప్పి లేకుండా నడవగలిగాక, ఎముకల డాక్టరు సరేనన్నాక, తండ్రి సైకిల్ సీటు దించి కొడుక్కిచ్చారు. తండ్రి పక్కన నడిచారు.

నడక పబ్లిక్ గార్డెన్స్‌లో. 1846లో వేసిన తోట అది. ఇరవై ఏళ్లుగా నాంపల్లిలో పనిచేస్తున్న ఆయన చెట్ల కింద తీరిగ్గా నడిచింది అదే మొదటిసారట. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర తండ్రీకొడుకులు గంటల తరబడి నిలబడ్డారు. పొద్దుట తొమ్మిది, పది మధ్య ఎండ కూడా తగిలింది. విటమిన్ డి కోసం వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు మాత్ర ఇచ్చి ఆపేశాం. ఇక్కడొక హెచ్చరిక. ఈ 60 వేల యూనిట్ల మాత్రల్ని నెలల తరబడి సొంతంగా వాడొద్దు. విటమిన్ డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

చలికాలపు గాలి గురించి కూడా ఒక మాట. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున చల్లని గాలి నేలకు అంటిపెట్టుకుని ఉంటుంది. వాహనాల పొగ పైకి పోదు. మొజంజాహీ మార్కెట్ నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఉన్న రద్దీ రోడ్డు మీద గట్టిగా ఊపిరి పీలుస్తూ తొక్కడం కంటే, పొద్దెక్కాక పార్కులో నడవడం ఊపిరితిత్తులకు మేలు. ఆస్తమా ఉన్నవారు ఈ మాట తప్పక పాటించాలి.

విరామం ఎలా తీసుకోవాలి?

ఏడాదిలో పది నెలలు క్రమం తప్పకుండా కష్టపడే ఆరోగ్యవంతులకు ఈ పద్ధతి సరిపోతుంది.

* మొదటి రెండు వారాలు: సైకిల్, పరుగు, పోటీ ఏదీ వద్దు. కిలోమీటర్లు లెక్కపెట్టే ఫోన్ యాప్ తీసేయండి. రోజూ అరగంట తీరిక నడక. రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర.

* మూడు, నాలుగు వారాలు: మీది కాని ఆట ఆడండి. ఈత, మెట్లెక్కడం, పిల్లలతో క్రికెట్. వారానికి రెండు రోజులు తేలికపాటి బరువులతో కండరాల వ్యాయామం.

* అయిదో వారం: పాత దూరంలో సగంతో మొదలుపెట్టండి. ఆయాసపడకుండా మాట్లాడగలిగేంత వేగమే.

* తర్వాత: వారం వారం కొద్దికొద్దిగా పెంచండి. మూడు వారాలు పెంచి, నాలుగో వారం తగ్గించండి.

* పొద్దుటి నాడి: నిద్ర లేవగానే, మంచం దిగకముందే లెక్కపెట్టి రాసుకోండి. మీ మామూలు సంఖ్య కంటే వరుసగా కొన్ని రోజులు ఏడెనిమిది ఎక్కువగా ఉంటే అది ఒంటి మొర. జ్వరం, నిద్రలేమి, రక్తహీనత వల్ల కూడా పెరగొచ్చు. ఏదైనా సరే, ఆ రోజు కష్టమైన వ్యాయామం వద్దు.

* తిండి: శ్రమ తగ్గితే పళ్లెం కూడా కాస్త తగ్గాలి. 1997లో ఫ్రాన్స్ రేసు గెలిచిన జర్మనీ రైడర్ యాన్ ఉల్రిచ్ ఏటా చలికాలంలో బరువు పెరిగి, దాన్ని దించడానికే వసంతమంతా అవస్థ పడేవారు. మన పండగలు, పెళ్లిళ్లు సరిగ్గా ఈ నెలల్లోనే. రెండు కిలోలు పెరిగితే భయం లేదు. అన్నం తగ్గించండి కానీ పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించొద్దు. మరమ్మతుకు మాంసకృత్తులు కావాలి.

వీరి లెక్క వేరు

"మాకు పన్నెండు నెలలూ సెలవే కదా డాక్టర్ గారూ" అని నవ్వేవారూ ఉంటారు. ఈ వ్యాసం వారికి విశ్రాంతి చీటీ కాదు. వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అది కూడా చేయనివారు ముందు సీజన్ మొదలుపెట్టాలి. ముగింపు సంగతి తర్వాత.

మధుమేహం, బీపీ ఉన్నవారు వ్యాయామాన్ని పూర్తిగా ఆపకూడదు. నడక వల్ల చక్కెర మీద కలిగే మేలు ఒకటి రెండు రోజులే నిలుస్తుంది. కాబట్టి వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇవ్వొద్దు. పోటీ తగ్గించండి, నడక ఉంచండి. భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిచినా చాలు. వ్యాయామం తగ్గించాక ఇంట్లో షుగర్ చూసుకోండి. సైకిల్‌కు సెలవంటే మాత్రలకు సెలవు కాదు. మందులు డాక్టరు చెప్పినట్టే కొనసాగించాలి.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

* వ్యాయామంలో ఛాతీ మధ్య బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె దడదడలాడటం. ఇవి అలసట కాదు. వెంటనే ఆపి 108కి ఫోన్ చేయండి.

* జ్వరం ఉండగా వ్యాయామం చేయకండి. కొన్ని వైరస్‌లు గుండె కండరానికి వాపు తెస్తాయి. ఆ సమయంలో శ్రమపడితే ప్రాణాపాయం. జ్వరం తగ్గి, నీరసం పోయి, వారం గడిచాకే నెమ్మదిగా మొదలుపెట్టాలి. మా పేషెంటు ఆ అయిదో రోజు బయటపడింది అదృష్టం కొద్దే.

* కఠిన వ్యాయామం తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే కండరాలు విచ్ఛిన్నమై కిడ్నీలకు ముప్పు ఉన్నట్టు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

* పిల్లల్లో ఎముక మీద ఒకేచోట నొప్పి, రాత్రి నిద్రలో నొప్పి, కుంటడం. "ఆడితే అదే పోతుంది" అనుకోవద్దు.

* మూడు వారాల విశ్రాంతి తర్వాత కూడా నీరసం తగ్గకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, మళ్లీ డాక్టరును కలవండి. డిప్రెషన్ కూడా ఇలాగే కనిపిస్తుంది.

నుమాయిష్‌లో కనిపించారు

జనవరి మూడో వారం. ఏటా లాగే మా ఇంటిల్లిపాదీ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి నుమాయిష్ చూడటానికి వెళ్లాం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత ఈ మైదానానికి మారిన సంబరం అది. మిర్చి బజ్జీల బండి దగ్గర ఎవరో పిలిచారు. చూస్తే ఆ కుటుంబం.

తండ్రి కాస్త ఒళ్లు చేశారు. "రెండున్నర కిలోలు పెరిగాను సార్" అని ముందే ఒప్పేసుకున్నారు. పొద్దుటి నాడి 55కి వచ్చిందట. రాత్రి నిద్ర పడుతోందట. సైకిల్ మళ్లీ ఎక్కారు, వారానికి నాలుగు రోజులే. ఇడ్లీకి ఆగే పాత జట్టులోకి తిరిగి వెళ్లిపోయారు.

అబ్బాయి జనవరి రెండో వారంలో కొత్త అకాడమీలో చేరాడు. సీటు పోలేదు. ఇంకా మ్యాచ్‌లు ఆడనివ్వడం లేదు, అడుగులు వేయడం మళ్లీ మొదటి నుంచి నేర్పిస్తున్నారు. తోటివాళ్లకంటే వెనకబడ్డానని కాస్త దిగులుగానే చెప్పాడు. నొప్పి ఉందా అని అడిగితే ఈసారి తండ్రి వైపు చూడలేదు.

"మొన్న కొంచెం అనిపించింది అంకుల్. అమ్మకు చెప్పా. నాన్న ఆ రోజు వద్దన్నారు."

ఆ మాట విన్నాక నాకు ఎక్స్‌రే అవసరం లేదనిపించింది. నొప్పిని దాచకుండా చెప్పుకోగల ఇల్లు ఆ పిల్లాడికి దొరికింది. ఈ దసరా, దీపావళి సెలవుల్లో మీరూ ఒకసారి మీ క్యాలెండర్ తెరవండి. ఈ ఏడాది మీ సీజన్ ఏ రోజున ముగుస్తుందో, మీ పిల్లల సీజన్ ఏ రోజున ముగుస్తుందో రాసిపెట్టండి. డాక్టరు రాయకముందే మీరే రాసుకుంటే మంచిది.

- ఎండీ (జనరల్ మెడిసిన్), ప్రభుత్వ వైద్యులు, హైదరాబాద్